హంతకుడెవరో నాకు 43వ పేజీలోనే తెలుసు

మర్డర్ మిస్టరీ నవలలు చదివేవాళ్ళకి జరుగుతున్న అన్యాయం గురించి ఎవరూ నోరు విప్పట్లేదు కాబట్టి నేనే మాట్లాడాల్సొస్తోంది. నవల్లో డిటెక్టివ్‌కి కారుంటుంది, అసిస్టెంటుంటాడు, ఇన్‌స్పెక్టర్ వచ్చి సార్ సార్ అంటూ తిరుగుతాడు, మనకేముంది, ఒక దిండు, ఒక బెడ్ లైటు, పొద్దున్నే ఆఫీసు. అయినా రాత్రి రెండింటిదాకా కళ్ళు మండుతున్నా దర్యాప్తు చేసేది మనమే, చివర్లో పేరు మాత్రం ఆయనకి.

నా రికార్డు చెప్తా, గొప్పలనుకోకండి. ఇప్పటిదాకా ఏ హంతకుడూ నా అనుమానం నుంచి తప్పించుకోలేదు. ఎలాగంటే, నేను అందర్నీ అనుమానిస్తా. ట్రే పట్టుకొచ్చిన పనివాడు, వీలునామా మార్చడానికొచ్చిన లాయరు, ఏ పాపం ఎరగని డాక్టరు. ముఖ్యంగా డాక్టరు! మంచివాడై ఉండి, అందరికీ సాయం చేస్తూ, కథకి ఏ పనీ లేకుండా ఇంట్లో తిరుగుతున్నాడంటే ఏదో ఉన్నట్టే. అప్పులున్న మేనల్లుణ్ణి మాత్రం వదిలేస్తా, వాడు మరీ తేలిక, రచయిత మనకి మేత కింద పడేస్తాడు. ఒకసారైతే చచ్చిపోయినాయన్నే అనుమానించా, శవం మొహం గుర్తుపట్టలేకుండా ఉందన్నారు కదా, అసలు పోలేదేమో అనిపించింది. పోయాడు పాపం.

ఇక నా పద్ధతి. వేలిముద్రలు, ఆగిపోయిన వాచీ, సిగరెట్ పీక, ఇవన్నీ డిటెక్టివ్‌కి. మన అసలు క్లూ కుడి బొటనవేలి కింద ఉంటుంది. 180వ పేజీలో ఎవర్నో అరెస్ట్ చేసి ఊరంతా హమ్మయ్య అనుకుంటుంటే మన వేలికి ఇంకా 120 పేజీల మందం తగుల్తూనే ఉంటుంది, కాబట్టి వాడు కాదు, కేసు కొట్టేసినట్టే. ఈ-బుక్కయితే 62 శాతం అని కిందే రాసుంటుంది, నిందితుడు నిర్దోషి అని అంతకన్నా స్పష్టంగా ఏ జడ్జీ చెప్పలేడు. ఈ సాక్ష్యం కోర్టుల్లో చెల్లకపోవడం చట్టంలో లోపం అనే నా అభిప్రాయం.

రచయితలకి రూల్స్ ఉన్నాయి. 1928లో ఎస్.ఎస్. వాన్ డైన్ అనే రచయిత 20 రూల్స్ రాశాడు, పనివాణ్ణి హంతకుణ్ణి చెయ్యకూడదనేది అందులో ఒకటి (ఇది తెలిశాక కూడా నేను పనివాణ్ణి వదల్లేదు, ఆ సంగతి వేరు). మరుసటేడు రోనాల్డ్ నాక్స్ అని ఒక క్యాథలిక్ ఫాదర్, ఆయనా డిటెక్టివ్ నవలలు రాసేవాడే, పది ఆజ్ఞల లెక్కన పది రూల్స్ పెట్టాడు. సీక్రెట్ దారి ఒకటికి మించి ఉండకూడదట, కవలల్ని చెప్పాపెట్టకుండా దింపకూడదట, దొరికిన క్లూ పాఠకుడికి దాచకూడదట, డిటెక్టివే నేరం చెయ్యకూడదట. అన్నీ బానే ఉన్నాయి గానీ డిటెక్టివ్ పక్కనుండే అమాయకపు మిత్రుడి తెలివి సగటు పాఠకుడి కన్నా కొంచెం, చాలా కొంచెం తక్కువుండాలన్నాడు. ఆ "చాలా కొంచెం" దగ్గరే నాకు మండుతుంది.

పాఠకుడికి మాత్రం రూల్సే లేవు. మొదటి డిటెక్టివ్ కథ అని చెప్పుకునేది ఎడ్గార్ అలన్ పో 1841లో అచ్చేయించింది, అందులో చంపింది ఒరాంగుటాన్. అది చదివి కూడా "నేను ముందే అనుకున్నా" అన్నవాడు ఒకడు ఉండే ఉంటాడు, కావాలంటే రాసిస్తా.

మొన్న సరిగ్గా అలాంటివాడే దొరికాడు. మా షెల్ఫ్ వెనక వరసలో ఒక పాత మర్డర్ నవల కనపడింది, ఎవరు తెచ్చారో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. 43వ పేజీలో డాక్టరు పేరు చుట్టూ పెన్సిల్‌తో సున్నా, పక్కన "వీడే!" అని. గుడిదీర్ఘం తోక పై లైన్లోకి దూరిపోయింది. ఒళ్ళు మండింది, ఎందుకంటే నేనూ అప్పుడే డాక్టర్ని అనుమానిస్తున్నా. 71లో డాక్టర్ని కొట్టేసి లాయరు. 118లో భార్య, పక్కన "ఈవిడా??". 150లో "ట్రే!!!" అంతే. ఒక్కచోట కూడా మేనల్లుడి జోలికి పోలేదు. తీరా చివరికి చంపింది, మధ్యలో అరెస్టయి బయటికొచ్చిన ఆ మేనల్లుడే, ఆఖరి పేజీలో అదే పెన్సిల్, "నేను ముందే అనుకున్నా", కింద రెండు గీతలు.

ఇంత అబద్ధాలకోరుని ఊరికే వదలకూడదని ఇంట్లో ఐదుగురికీ తలా ఒక కాగితమిచ్చి, పైన నమూనాకి నేనే "వీడే" అని రాసి, కింద వాళ్ళ చేత రాయించా. ఎవరిదీ కలవలేదు. మా ఆవిడ ఆ కాగితాలన్నీ వరసగా పేర్చి, పుస్తకం 43వ పేజీ తెరిచి పక్కన పెట్టి, నా నమూనా లైను మీద వేలు పెట్టింది. తోక పైకి దూరిపోయి ఉంది.

డిటెక్టివే నేరం చెయ్యకూడదని నాక్స్ రూలుంది, కాబట్టి ఇది చెల్లదన్నా.

"నేను ముందే అనుకున్నా" అంది.