మా అమ్మ మోకాల్లో ఆపిల్ కాస్తుందంట

ఇప్పుడే కాలేజీ నుంచి ఇంటికొచ్చా. కావలి ఎండకి ముందే తల మాడిపోయి ఉంది. లోపలికి రాగానే అమ్మ పలక్కుండా చేయి ఊపుతోంది. నాలుక కింద ఏదో పొడి. ఏందమ్మా అంటే టేబుల్ మీద డబ్బా చూపించింది. ఆపిల్ స్టెమ్ సెల్, అంటే ఇంకా ఏ పనికీ కుదురుకోని మూలకణం! అదీ స్విట్జర్లాండ్ ఆపిల్. పద్నాలుగు పొట్లాలు, నాలుగు వేల చిల్లర. అరిగిపోయిన మోకాలి గుజ్జు మళ్లీ పుడుతుందని మా పిన్ని అంటగట్టి పోయింది. ఆమె పైన ఇంకొకాయన, ఆయన పైన ఇంకొకాయన, చైన్ బిజినెస్ కదా, అందరూ పైమెట్టెక్కి 'డైమండ్' అయిపోవాలి. మధ్యలో మా అమ్మ మోకాలు.

ఆ కణం పొడి అయినప్పుడే చచ్చింది. బతికే ఉందనుకుందాం, దానికి ఆపిల్ చెట్టు కట్టడం తప్ప ఏం తెలుసు? నిజంగా పనిచేస్తే అమ్మ మోకాల్లోంచి కొమ్మ రావాలి.

మొక్కల సత్తా మొక్కలదే, కాదనను. కందుకూరు వైపు క్లోన్ జామాయిల్ తోటలు చూడండి, లేత కొమ్మ ముక్క నాటితే వేరు పుట్టి మళ్లీ చెట్టంత చెట్టు. మునగ కొమ్మ విరిచి గుచ్చినా అంతే. మనిషిలో ఆ సత్తా ఫలదీకరణ చెందిన అండానికీ, అది మొదట్లో చీలిన నాలుగు కణాలకీ ఉంటుంది. టోటిపొటెంట్ అంటే అదే. తర్వాత వచ్చే ప్లూరిపొటెంట్ కణం ఒంట్లో ఏదైనా అవుతుంది గానీ కడుపులో బిడ్డకి ఆహారం అందించే మాయను కట్టలేదు. ఎముక మూలుగలో రక్తం పుట్టించే కణమైతే రక్తంతోనే సరి.

అలాగని జన్యువులు రాలిపోవు. కాలేయంలోనూ మోకాల్లోనూ అవే సుమారు 20,000 జన్యువులు. సోమశిల డ్యామ్ నీళ్లు ఒకటే కదా, ఏ తూము ఎత్తారన్నది లెక్క. కణంలో ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లనే లస్కర్లు ఉంటారు, ఏ జన్యువు తూము ఎత్తాలో చూసే ప్రొటీన్లు అవి. కొన్ని తూములకు మిథైల్ అనే రసాయనపు తాళాలు కూడా. 2006లో జపాన్ శాస్త్రవేత్త యమనకా నాలుగే నాలుగు ఫ్యాక్టర్లతో ఎలుక చర్మ కణాన్ని పిండం నాటి స్థితికి వెనక్కి తిప్పాడు, మరుసటేడు మనిషి కణాన్ని. 2012లో నోబెల్ వచ్చింది. ఆ నాలుగింట్లో సి-మిక్ అనేది కేన్సర్ తెచ్చిపెట్టే రకం, అందుకే ఇప్పటికీ ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తారు. మా పిన్ని మాత్రం నాలుక కింద పెట్టించి పోతుంది!

ఇదంతా చెప్తే అమ్మ ఏమందో తెలుసా? 'నీకేం తెలుసురా, జూమ్ మీటింగులో పెద్ద డాక్టరే చెప్పాడంట.' ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ బాబూ నేను! నాయన ఎకరం అమ్మి చదివించాడు. ఊళ్లో పిల్లలకు రోజూ ఇదే పాఠం చెప్పి తింటున్నా. ఇంట్లో నా మాటకి ఆ పొట్లం కాగితం పాటి విలువ లేదు.

ఈరోజు కొత్తా ఏంది? నెల్లూరులో మా అక్క పురుడప్పుడూ ఇంతే. టై కట్టుకున్న కుర్రాడు లాప్‌టాప్ తెరిచి, బొడ్డుతాడు రక్తం దాచుకుంటే బిడ్డకి జీవితాంతం బీమా అన్నాడు. బావ అక్కడే ఈఎంఐకి సంతకం. నేను ఊరుకోలేక, 'అందులోవి ముఖ్యంగా రక్తం తయారుచేసే కణాలే బావా, రేపు పిల్లాడికి తలసీమియా లాంటి పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఉంటే దాచిన రక్తంలోనూ అదే జన్యువు ఉంటుంది' అన్నా. 1988లో పారిస్‌లో మొదటిసారి ఒక జబ్బు పిల్లాడికి ఎక్కించిన బొడ్డుతాడు రక్తం కూడా వాడిది కాదు, వాడి చెల్లెలిది. దేశంలో వైద్య పరిశోధన చూసే ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ కూడా ప్రైవేటుగా దాచుకోమని చెప్పట్లేదు. ఎవరు వింటారు? పురిటి గదిలో అశుభం పలికానని మేనత్త మొదలుపెట్టింది, మిగతావాళ్లు అందుకున్నారు. ఆ కుర్రాడికి మాత్రం కాఫీ ఇచ్చారు, నాకు ఇవ్వలేదు. బావ ఇప్పటికీ కడుతున్నాడు. నన్ను మళ్లీ ఏ పురుటికీ పిలవలేదు.

అమ్మ నాలుక కింద పొడి కరిగినట్టుంది, ఇప్పుడే నోరు తెరిచింది. 'పుల్లగా బాగానే ఉందిరా, నీకో పొట్లం ఇవ్వనా?'