తప్పు రాసింది ఆఫీసు, దిద్దించుకోవాల్సింది జవానా?

మా పెద్దనాన్న 1963లో సైన్యంలో చేరారు. చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది అది. హవల్దారుగా 1979లో రిటైరై, నలభై ఏళ్లు పెన్షన్ తీసుకుని, 2019లో పోయారు. దినకర్మలు అయ్యాక డిశ్చార్జ్ బుక్కు, ఆధార్ కార్డు పట్టుకుని ఫ్యామిలీ పెన్షన్ కోసం వెళ్తే సంగతి బయటపడింది. మిలటరీ కాగితాల్లో మా పెద్దమ్మ పేరు రత్నం. ఆధార్‌లో రత్తమ్మ. మా ఊళ్లో ఎవరినడిగినా రెండూ ఒకటేనంటారు. ఆఫీసు లెక్కలో మాత్రం వాళ్లు ఇద్దరు ఆడవాళ్లు.

ఆ ఇద్దరూ ఒకరేనని రుజువు చేయడానికి పద్నాలుగు నెలలు పట్టింది. నోటరీ అఫిడవిట్ ఇస్తే చాలదన్నారు, మేజిస్ట్రేట్ ముందు చేయించుకు రమ్మన్నారు. రెండు పేపర్లలో ప్రకటన వేయించాం. సర్పంచ్ సర్టిఫికెట్, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ముద్ర కూడా అయ్యాయి. తీరా పంపాక ఫొటో మీద సంతకం సరిగ్గా పడలేదని ఫైలు వెనక్కి వచ్చింది. బకాయిలన్నీ చివరికి ఒకేసారి వచ్చాయి, నిజమే. కానీ ఆ పద్నాలుగు నెలలూ బీపీ మాత్రలకు కూడా కొడుకుల చేతి వైపు చూడాల్సి వచ్చిందే, ఆ బాధకు బకాయి లేదు.

ఇది మా ఇంటి ఒక్కదాని కథ కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం లాంటి ఊళ్లలో మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ తరతరాలుగా ఇంటికొకరు సైన్యంలోకి వెళ్తున్నారు. ఏ మాజీ సైనికుల సంఘం మీటింగుకు వెళ్లినా సగం మాటలు 'పేరు తేడా', 'డేటాఫ్ బర్త్ తేడా' చుట్టూనే తిరుగుతాయి.

ఈ తేడాలు ఎక్కడ పుడతాయో తెలిస్తే కోపం ఇంకా పెరుగుతుంది. జవాను తన రికార్డు తాను రాసుకోడు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు భర్తీకి వెళ్తాడు, అవతలి క్లర్కు హిందీలో అడుగుతాడు, ఈ కుర్రాడికి హిందీ రాదు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, వాళ్లకు చివరుంటుంది. వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లిషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ రాశారు. తర్వాత సెలవుకొచ్చి పెళ్లి చేసుకుంటాడు. తిరిగి వెళ్లి యూనిట్‌లో చెబితే క్లర్కు 'పార్ట్ టూ ఆర్డర్' వేస్తాడు. పెళ్లి, పిల్లలు, ప్రమోషన్, అన్నీ ఆ ఆర్డర్ల ద్వారానే రికార్డుకెక్కుతాయి. యూనిట్ సరిహద్దులో ఉంటుంది, రికార్డ్ ఆఫీసు ఇంకెక్కడో ఉంటుంది. ఆర్టిలరీ వాళ్లకు నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, యంత్రాల మరమ్మతులు చూసే ఈఎంఈకి మన సికింద్రాబాద్. తన భార్య పేరు అక్కడ ఎలా పడిందో చాలామంది జవాన్లు సర్వీసు మొత్తంలో ఒక్కసారి కూడా చూసి ఉండరు.

పుట్టిన తేదీలది మరో కథ. పుట్టిన సంవత్సరం మాత్రమే తెలిస్తే జూలై 1ని, నెల కూడా తెలిస్తే ఆ నెల 16ని పుట్టిన తేదీగా తీసుకోవడం ప్రభుత్వ ఉద్యోగాల్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. ఆ తరంలో జూలై 1న పుట్టినవాళ్లు అంతమంది ఉండటానికి ఇదొక కారణం. అదే మనిషికి ఆధార్ తీసినప్పుడు జనవరి 1 పడింది. రెండు తేదీలూ అంచనాతో పడినవే. ఇప్పుడు కంప్యూటర్ ఆ రెండూ కలవలేదని ఆపేస్తోంది.

చదువు రాని సిపాయికే ఇలా జరుగుతుందనుకుంటే పొరపాటు. ఆర్మీ చీఫ్‌గా పనిచేసిన జనరల్ వి.కె.సింగ్‌కు సైన్యంలోని ఒక విభాగంలో 1951 మే 10, ఇంకో విభాగంలో 1950 మే 10 పుట్టిన తేదీలుగా ఉండిపోయాయి. 1965లో ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) కోసం నింపిన ఫారంలో 1950 అని పడింది, మెట్రిక్ సర్టిఫికెట్‌లో 1951 ఉంది. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2012 ఫిబ్రవరిలో పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. అసలు పుట్టినరోజు ఏదన్నది తమ ముందున్న ప్రశ్న కాదని, సర్వీసు రికార్డు దేన్ని గుర్తించిందన్నదే ప్రశ్న అని కోర్టు చెప్పింది. ఆ ఏడాది మే 31న ఆయన రిటైరయ్యారు. నాలుగు దశాబ్దాలు ఒకే సైన్యంలో రెండు తేదీలు పక్కపక్కనే ఉండగలిగాయంటే, సామాన్య సిపాయి కాగితాల గతి ఏమిటో ఊహించుకోవచ్చు.

ఆ తేదీ మీద ఎంత డబ్బు ఆధారపడి ఉందో చూడండి. పెన్షనరుకైనా, ఫ్యామిలీ పెన్షనరుకైనా 80 ఏళ్లు నిండితే మూల పెన్షన్ మీద 20 శాతం అదనంగా రావాలి. 85కి 30, 90కి 40, 95కి 50 శాతం, నూరేళ్లు నిండితే నూటికి నూరు. పాత పీపీఓల్లో, అంటే పెన్షన్ మంజూరు ఉత్తర్వుల్లో, భార్య పుట్టిన తేదీ రాయనివి ఎన్నో ఉన్నాయి. కాలమ్ ఖాళీగా ఉంటే ఆమెకు ఎనభై ఎప్పుడు నిండాయో సిస్టమ్‌కు తెలియదు. ఆ ఖాళీ వదిలింది ఆమె కాదు.

పెన్షన్ రాకుండా బయటికొచ్చిన వాళ్ల పరిస్థితి ఇంతకంటే కష్టం. వాళ్ల సర్వీసు కాగితాలను 25 ఏళ్లు దాటాక నాశనం చేయొచ్చని సైన్యం నిబంధనల్లోనే ఉంది. లాంగ్ రోల్ అనే రిజిస్టరులో నాలుగు ముక్కలు మిగులుతాయి, అంతే. 1971 యుద్ధ కాలంలో దెబ్బతిని ఇంటికి పంపబడ్డ మనిషి ముసలితనంలో డిజేబిలిటీ పెన్షన్ అడిగితే, కాగితాలు లేవని చెప్పే ఆఫీసే కాగితం తెమ్మని అడుగుతుంది. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయంలో మంచి మాట చెప్పింది: భర్తీ సమయంలో జబ్బు ఉన్నట్టు రాయకపోతే, అది సర్వీసులోనే వచ్చిందని అనుకోవాలి, కాదని రుజువు చేయాల్సింది ప్రభుత్వమే. రికార్డుల విషయంలోనూ ఈ సూత్రమే ఎందుకు వర్తించకూడదు? రాసింది ఎవరు, దాచింది ఎవరు, పారేసింది ఎవరు? రుజువు చేసే భారం కూడా వాళ్లదే కావాలి.

రక్షణ శాఖ పెన్షన్ల ఆన్‌లైన్ వ్యవస్థ స్పర్శ్ వచ్చాక ఈ గొడవ ఇంకా పైకి తేలింది. బ్యాంకుల చేతిలో ఉన్న పెన్షన్లను ప్రయాగ్‌రాజ్ నుంచి నడిచే ఒకే వ్యవస్థలోకి తెచ్చారు. 30 లక్షలకు పైగా పెన్షనర్లు అందులో ఉన్నారు. ఆలోచన మంచిదే, నేను దాన్ని తప్పుపట్టను. అయితే పాత పీపీఓల్లోని తప్పులన్నీ యథాతథంగా కంప్యూటర్‌లోకి ఎక్కాయి. వెరిఫై చేసి సరిచేసుకోమని పెన్షనర్లకే చెప్పారు. పాస్‌వర్డ్, ఓటీపీ అంటే ఏమిటో తెలియని ఎనభై ఏళ్ల మనిషికి నవంబర్ వస్తే చాలు, సిస్టమ్ లైఫ్ సర్టిఫికెట్ తీసుకుంటుందో లేదోనని టెన్షన్.

కోర్టుకు వెళ్లొచ్చు కదా అనేవాళ్లున్నారు. 2007 చట్టంతో సాయుధ దళాల ట్రిబ్యునల్ ఏర్పడింది, మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచ్ పరిధిలోకి వస్తాయి. గెలిచినా, ఆలస్యంగా వచ్చినవాళ్లకు బకాయిలు సాధారణంగా మూడేళ్లకే పరిమితం. 2008లో తర్సెమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన లెక్క అది. ఇరవై ఏళ్ల నష్టానికి మూడేళ్ల డబ్బు. ఆ లోటును కూడా తప్పు రాసినవాళ్లు మోయడం లేదు.

అమెరికాలో 1946 నాటి చట్టంతోనే సైనిక రికార్డులను సరిదిద్దే ప్రత్యేక బోర్డులు వచ్చాయి. వాటిలో ఉండేది సివిలియన్లు. తప్పునే కాదు, అన్యాయాన్ని కూడా సరిదిద్దే అధికారం వాటికుంది. 1973లో సెయింట్ లూయిస్ రికార్డుల కేంద్రం తగలబడి కోటీ అరవై లక్షలకు పైగా ఫైళ్లు పోతే, జీతాల వోచర్లు వంటి ఇతర కాగితాల నుంచి సర్వీసు వివరాలను మళ్లీ కూర్చుతున్నారు. అక్కడా ఆలస్యాలున్నాయి. కానీ రాసిన ఆఫీసునే మళ్లీ మళ్లీ బతిమాలుకోవాల్సిన పరిస్థితికి బయట ఇంకో తలుపు ఉంది. మనకు ట్రిబ్యునల్‌కు ముందు అలాంటి తలుపు కావాలి.

మోసాలు జరగవా అంటే, జరుగుతాయి. ఒకే పెన్షన్‌కు ఇద్దరు భార్యలమని వచ్చిన కేసులున్నాయి, అక్కడ గట్టిగా విచారించాల్సిందే. కానీ ఇంకెవరూ పోటీ లేనిచోట, నలభై ఏళ్ల నాటి జాయింట్ ఫొటోలో ఉన్న మనిషే ఎదురుగా కూర్చున్నచోట, రత్నానికీ రత్తమ్మకీ తేడా మోసం కాదు, స్పెల్లింగ్. ఇలాంటివాటికి జిల్లా సైనిక సంక్షేమ అధికారి సంతకమే చాలాలి. దిద్దుబాటు పూర్తయ్యేదాకా తాత్కాలిక పెన్షన్ ఆగకూడదు. ఇప్పుడు సర్వీసులో ఉన్న జవానుకు ఏటా తన కుటుంబ వివరాల ప్రింటు అతనికి అర్థమయ్యే భాషలో చేతికివ్వాలి, సెలవులో ఇంటికి తెచ్చి భార్యతో కలిసి సరిచూసుకునేలా.

మా పెద్దమ్మకు 2021లో ఎనభై నిండాయి. ఆధార్‌లో అయిదేళ్లు తక్కువగా పడింది, పీపీఓలో పుట్టిన తేదీ అసలు లేదు. బడి మొహం చూడని మనిషిని మెట్రిక్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. పెళ్లినాటి పార్ట్ టూ ఆర్డర్‌లో ఆమె వయసు రాసి ఉంటుందేమోనని పెద్దనాన్న షీట్ రోల్ (సర్వీసు వివరాల రికార్డు) నకలు కోసం ఆర్టీఐ కింద పది రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో దరఖాస్తు పంపాం. జవాబుకు ముప్పై రోజుల గడువు. ఇవాళ్టికి ఇరవై రెండో రోజు, పోస్ట్‌మ్యాన్ వచ్చే వేళకు ఆమె అరుగు మీద కూర్చుంటోంది.