తాతలకు మోకాళ్ల నొప్పులే లేవా?

మా బంధువుల గ్రూపులో ఓ బాబాయ్ ఈ వారంలో మూడోసారి పంపిన మెసేజ్ ఇది: “మన తాతలు ఎడ్లబండి తోలి, గానుగ నూనె తిని తొంభై ఏళ్లు బతికారు. మోకాళ్ల నొప్పులంటే ఎరగరు. ఇప్పటివాళ్లకు కాల్షియం తగ్గి కీళ్లలో గుజ్జు అరిగిపోతోంది. కుర్రాళ్లు నడుం నొప్పి అంటే అది బద్ధకం. నడక తగ్గించండి, మెటికలు విరవకండి, పదిమందికీ పంపండి.” కింద ఓ నూనె సీసా ఫోటో, ఫోన్ నంబరు.

ముందు తాతల సంగతి చూద్దాం. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను కర్రలా బిగిసిపోయినవాళ్ల గురించి వైద్యులు రాశారు. వాళ్లూ ఎవరో ఒకరి తాతలే. ఇంకా వెనక్కి వెళ్తే, 1908లో ఫ్రాన్స్‌లో నియాండర్తల్ అనే, ఎప్పుడో అంతరించిపోయిన ఆదిమానవ జాతికి చెందిన ఒక మనిషి ఎముకలు దొరికాయి. ఏభై వేల ఏళ్లకు అటూఇటూ నాటివి. ఆయన వెన్నెముక కీళ్లు అరిగిపోయి ఉన్నాయి. గానుగ నూనె దొరక్కపోయి ఉంటుంది పాపం.

అన్నట్టు, ఆ మెసేజ్‌లో తాతలే ఉన్నారు, నానమ్మలు లేరు. మా నానమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేవాలంటే ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకో చెయ్యి గోడకు ఆనించి, “రామా” అంటూ రెండు విడతల్లో లేచేది. దాన్ని ఆవిడ రోగం అనలేదు, వయసు అంది. డాక్టరు దగ్గరికి వెళ్లలేదు కాబట్టి ఏ లెక్కలోకీ రాలేదు. నిజానికి కీళ్ల అరుగుదల ఉన్నవాళ్లలో 60 శాతం ఆడవాళ్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇక కుర్రాళ్ల బద్ధకం. అదే సంస్థ లెక్కన కండరాలు, ఎముకలు, కీళ్ల సమస్యలు ఉన్నవాళ్లు ప్రపంచంలో సుమారు 171 కోట్లు. అంటే ప్రతి అయిదుగురిలో ఒకరికి పైనే. అందరూ మంచాన పడ్డారని కాదు. విరిగిన ఎముక, పట్టేసిన నడుం, వాచిన వేళ్లు అన్నీ ఇందులోవే. వయసుతో ఇవి పెరిగే మాట నిజమే, కానీ సంపాదించే వయసులోనూ ఎందరికో వస్తున్నాయి. పైగా యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్ను వాతం సాధారణంగా మొదలయ్యేదే 45 ఏళ్లలోపు. పొద్దున లేవగానే నడుం బిగుసుకుపోయి ఉంటుంది, అటూఇటూ తిరిగితే వదులవుతుంది. అలాంటి కుర్రాణ్ణి “ఫోన్ పక్కన పెట్టి లేవరా” అని కసిరితే రోగం బయటపడటానికి ఏళ్లు పడుతుంది. ఆ మెసేజ్‌లో నాకు బాగా కోపం తెప్పించింది ఈ ముక్కే.

గుజ్జుకీ కాల్షియానికీ ముడిపెట్టడం కూడా తప్పే. కాల్షియం కొరత ఎముకను బలహీనం చేస్తుంది. ఆ ఎముక విరిగేదాకా చాలామందికి నొప్పే తెలియదు. అరిగేది ఎముక చివర ఉండే మెత్తని పొర. కాల్షియం బిళ్ళలు మింగితే అది తిరిగి రాదు. అరుగుదల కనబడితే నొప్పి ఉండి తీరాలనీ లేదు. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్లవాళ్లకు వెన్నుకు స్కాన్ తీస్తే 37 శాతం మందిలో డిస్క్ (వెన్నుపూసల మధ్య దిండులాంటిది) అరుగుదల కనిపించిందని 2015లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది.

నడక తగ్గించాలా? ఆ మెత్తని పొరలో రక్తనాళాలు ఉండవు. స్పాంజిలా నొక్కుకుని వదులైతేనే దానికి పోషణ అందుతుంది. కదలడం మానేస్తే తొడ కండరాలు సన్నబడి, ఆ బరువు కూడా మోకాలి మీదే పడుతుంది. దెబ్బ తగిలి వాచినా, కీలు ఎర్రగా వేడిగా ఉన్నా ఆ దారి వేరు, ముందు డాక్టరు.

మెటికల సంగతికొస్తే, అమెరికాలో డోనాల్డ్ అంగర్ అనే డాక్టరు ఏభై ఏళ్లపాటు రోజూ ఎడమ చేతి మెటికలే విరిచి, కుడి చేతిని వదిలేసి, రెండు చేతుల్లోనూ కీళ్లవాతం లేదని 1998లో రాశాడు. ఒక్క మనిషి అనుభవం రుజువు కాదు. బాబాయ్ మెసేజ్‌కు ఆ ఒక్క మనిషి కూడా లేడు.

చివరికి ఆ నంబరుకు ఫోన్ చేశాను. నూనెలో ఏముందని అడిగితే “మూలికలు” అన్నారు. ఏ మూలికలని అడిగేసరికి లైన్ కట్ అయింది.