చెన్నారెడ్డిని ఒక్క మాటతో కొట్టిపారేస్తే ఎలా?

మర్రి చెన్నారెడ్డి 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమాన్ని అమ్మేశాడు, అంతే అని ఆయన మీద వచ్చిన ఒక వ్యాసంలో తేల్చేశారు. కోపం అర్థమవుతుంది, పోలీసు కాల్పుల్లో కుర్రాళ్లు చనిపోయిన ఉద్యమం అది. కానీ కథ అక్కడ మొదలవలేదండీ. 1967లో కేంద్రంలో ఉక్కు మంత్రి అయిన మనిషి, మరుసటి ఏడాదే తాండూరు ఎన్నిక చెల్లదని కోర్టు తీర్పు ఇవ్వడంతో పదవి పోగొట్టుకుని ఖాళీగా ఉన్నాడు, అప్పుడొచ్చింది విద్యార్థుల ఉద్యమం. కాబట్టి ఆయన అవసరమూ ఉంది, జనం అవసరమూ ఉంది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ఇందిర గాలి దేశమంతా వీస్తుంటే ఆయన నాయకత్వంలోని తెలంగాణ ప్రజా సమితి పార్టీ తెలంగాణలోని 14 సీట్లలో 10 గెలిచింది, అదేమన్నా చిన్న విషయమా?

ఆ బలం చేతిలో పెట్టుకుని కొన్ని నెలలకే పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశాడు. దక్కిందేంటి? కాసు బ్రహ్మానంద రెడ్డి దిగిపోయి పీవీ ముఖ్యమంత్రి అయ్యారు, ప్రత్యేక రాష్ట్రం మాత్రం రాలేదు. ఇందిరకు అప్పుడు లోక్‌సభలో బోలెడు మెజారిటీ, ఈ పదిమందితో ఆమెకు పనే లేదు, ఆ లెక్క కూడా చూడాలి కదా. అయినా ఓట్లేసిన వాళ్లను అడక్కుండా కలిపేయడం నాకు మాత్రం తప్పే.

తమాషా ఏంటంటే, ఆ తర్వాత ఆయనే 1978లో, మళ్లీ 1989లో సమైక్య రాష్ట్రానికి ముఖ్యమంత్రి. రెండుసార్లూ ఐదేళ్లు ఉండలేదు. 1990 డిసెంబరులో హైదరాబాద్ మత ఘర్షణల మధ్య దిగిపోయాడు. దాని గురించి వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదేం?