అంగడి ముందు, పండుగ తరువాత

వేల్స్, ఇంగ్లండ్ సరిహద్దులో వై నది ఒడ్డున ఉన్న హే ఆన్ వై జనాభా 2,000 లోపే. మన లెక్కలో ఒక మోస్తరు పల్లెటూరు. 1988లో పీటర్ ఫ్లోరెన్స్ తన తల్లిదండ్రులతో కలిసి అక్కడ మొదలుపెట్టిన సాహిత్యోత్సవానికి 2001లో అమెరికా మాజీ అధ్యక్షుడు క్లింటన్ కూడా వక్తగా వచ్చాడు. పేకాటలో గెలిచిన డబ్బే తొలి పెట్టుబడి అన్న కథ ఒకటి ప్రచారంలో ఉంది. కథ బాగానే ఉంది కానీ, అసలు పెట్టుబడి అంతకు పాతికేళ్ల ముందే ఆ ఊళ్లో పడింది.

1960ల తొలినాళ్లలో రిచర్డ్ బూత్ అనే ఆసామి అక్కడ పాత పుస్తకాల దుకాణం తెరిచాడు. మూతపడుతున్న గ్రంథాలయాల పుస్తకాలను టోకున కొని తెచ్చి, పాత అగ్నిమాపక కేంద్రంలోనూ, సినిమా హాలులోనూ, చివరికి కోటలోనూ పేర్చాడు. 1977 ఏప్రిల్ 1న తనను తాను ఆ ఊరికి రాజుగా ప్రకటించుకున్నాడు. తేదీ చూస్తేనే అందులోని వేళాకోళం తెలుస్తుంది, కానీ పత్రికల్లో ఊరి పేరు మారుమోగింది. అందువల్ల ఉత్సవం పుట్టే నాటికే పుస్తకాల కోసం దూరాభారం లెక్కచేయక వచ్చే మనుషులు, వాళ్లకు పడక, భోజనం అమర్చే ఇళ్లు ఆ ఊళ్లో సిద్ధంగా ఉన్నాయి.

మనకూ చిన్న ఊళ్ల సాహిత్య సభల చరిత్ర తక్కువదేమీ కాదు. 1943లో హైదరాబాదులో పుట్టిన ఆంధ్ర సారస్వత పరిషత్తు తన వార్షిక సభలను ఊరూరా జరిపింది. ఓరుగల్లులో పందిరికి నిప్పు పెట్టినా సభ ఆగలేదు. 1953లో అలంపురంలో, అప్పటికి రాయచూరు జిల్లాలో ఉన్న ఆ చిన్న ఊళ్లో, పండితుడు గడియారం రామకృష్ణశర్మ పూనికతో జరిగిన సభలకు సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. కాళోజీ కవితా సంపుటి ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించింది అక్కడే. అయితే మరుసటి ఏడు సభ మరో ఊరికి వెళ్లిపోయేది. భాషాభిమానాన్ని పదిచోట్లా చల్లడానికి, నిజాం పాలనలో తెలుగుకు గొంతునివ్వడానికి అదే సరైన పద్ధతి. కానీ ఏటా అదే వారంలో అదే ఊరికి వచ్చే పాఠకుడు దాని వల్ల తయారు కాడు. అతణ్ణి నమ్ముకుని ఒక్క పుస్తకాల కొట్టయినా వెలియదు.

హైదరాబాదులో ఆ కొట్టు ఉంది. ఆదివారం ఆబిడ్స్‌లో షట్టర్లు దించిన దుకాణాల ముందు పరిచిన పట్టాల మీద, ఎవరో 1970లలో కొని సంతకం పెట్టుకున్న నవల పోటీ పరీక్షల గైడ్ల కింద నలుగుతూ దొరుకుతుంది. బేరం మాత్రం మనం పుస్తకం వైపు ఎంత ఆశగా చూశామన్న దాన్ని బట్టి ఉంటుంది. అక్కడికి దగ్గర్లోనే, సుల్తాన్‌బజారులో, 1901లో స్థాపించిన గ్రంథాలయం, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. 2010 డిసెంబరులో మొదలైన హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్ ప్రవేశ రుసుము లేకుండా, ఏటా ఒక అతిథి దేశాన్నీ, ఒక భారతీయ భాషనూ ముందు నిలుపుతూ ఎదిగింది. చాలా కాలం నగరం నడిబొడ్డున జరిగి, 2024లో హైటెక్ సిటీ వైపు అద్దాల మేడల మధ్యకు తరలింది. పెరిగే ఉత్సవానికి జాగా కావాలి, కాదనలేం. హే ఉత్సవం కూడా ఊరి బయటి పచ్చికబయళ్లలో గుడారాలు వేసుకుంది. కాకపోతే అక్కడ గుడారం నుంచి పాత పుస్తకాల వీధికి నడిచి వెళ్లిరావచ్చు. ఇక్కడ ఉత్సవ ప్రాంగణం నుంచి ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కు చేరాలంటే నగరాన్ని సగం దాటాలి.

జిల్లాల్లో కొత్తగా సాహిత్యోత్సవం తలపెట్టేవారు ముందుగా తమ ఊరి శాఖా గ్రంథాలయం సాయంత్రం ఎన్నింటి దాకా తెరిచి ఉంటుందో, బస్టాండు పక్క పుస్తకాల కొట్టులో పాఠ్యపుస్తకాలు కాక ఇంకేమి దొరుకుతాయో చూసుకోవాలి. వక్తల జాబితా ఆ తరువాత రాసుకోవచ్చు.