మూడ్ రాలేదు, శెనక్కాయలు వచ్చాయి

నేను బొమ్మ వేసి నెలలవుతోందని ఎవరు చెవిన వేశారో ఏమో, అనంతపురం క్లాక్ టవర్ దగ్గర ఒక పెద్దమనిషి నన్ను ఆపి, మందు చీటీ రాసిచ్చినంత గంభీరంగా చెప్పారు: "మూడ్ వచ్చినప్పుడే వెయ్యప్పా. కళ బలవంతంగా రాదు." ఆయన ఇంటి గేటుకు కూడా రంగు వేసిన మనిషి కాదు.

పెద్దల మాట కాబట్టి ఆదివారం పొద్దున ఆరుకే ఈజిల్ ముందు కూర్చున్నాను. పాలాయన వచ్చాడు. గ్యాస్ బండ వచ్చింది. మున్సిపాలిటీ నీళ్లు కూడా వచ్చాయి. మూడ్ రాలేదు. విచారిస్తే తేలిందేమంటే, మా జిల్లాలో ఉన్న ప్రేరణంతా 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా వాటాకు పోయింది. లేపాక్షి పోయింది, నిమ్మలకుంట తోలుబొమ్మలు పోయాయి. మాకు కలెక్టరేట్ మిగిలింది.

సరే, వెనక్కొచ్చిన పాత బొమ్మలైనా చూద్దామని మంచం కిందికి వంగాను. వాన కోసం చూసే శెనక్కాయ చేను బొమ్మ లేదు. మిద్దె మీద దొరికింది. కాన్వాసు బోర్లిస్తే నాలుగు పక్కలా చెక్క అంచున్న పళ్లెం అవుతుందని ఏ ఆర్టు కాలేజీలోనూ చెప్పరు, మా ఇంట్లో కనిపెట్టారు. దాన్నిండా శెనక్కాయలు. "ఇది తీసుకుంటే కాయలు ఎండబెట్టేది దేంట్లో?" అంది మా ఆవిడ. నేను వేసిన చేను పండడం అదే మొదటిసారి.

ఈ బొమ్మ కొత్త ఇల్లు కట్టిన ఒక ఆసామి అడిగి మరీ వేయించుకున్నది. చూసి, "బాగానే ఉండాది సార్, కానీ ఎండిపోయింది గదా. ఇంట్లో కరువు ఏంటికి? ఏడు గుర్రాలు పెట్టండి" అన్నాడు. అప్పుడు ఒప్పుకోలేదు. ఇప్పుడెటూ మూడ్ లేదు కదా, ఒప్పుకుంటే పోలా? కాయలు దులిపి, గరుకు కాగితంతో చేను రుద్ది, మొదటి గుర్రం వేశాను. గాడిదలా వచ్చింది. రెండోది దాని తమ్ముడిలా వచ్చింది. మూడోదాని దగ్గర సందేహం పుట్టింది: వాన లేని చేన్లో ఇవేం మేస్తాయి? ఉన్న శెనక్కాయ కట్టె మేత ఎద్దులకే చాలదు. కాబట్టి నాలుగోదాన్ని పశుగ్రాసం క్యాంపు వైపు తిప్పాను. అయిదోది ఆధార్ కార్డు పట్టుకుని లైన్లో నిలబడింది. ఆరోదాని వేలిముద్ర పడలేదు.

పికాసో వేసిన ముసలి గిటారిస్టు బొమ్మ చికాగో మ్యూజియంలో ఉంది. దాని కింద ఒక ఆడమనిషి బొమ్మ ఉందని ఎక్స్‌రే తీసి చూశారు. డబ్బులకు కటకటలాడిన రోజుల్లో వేసింది. నా బొమ్మకు ఎక్స్‌రే తీస్తే శెనక్కాయ పొట్టు కనపడుతుంది.

మూడ్ అట, మూడ్! మా వీధి చివర బోర్డులు రాసే అన్న ఉండేవాడు. చాక్‌పీసు పొడి రాసిన దారం లాగి గీత కొట్టి, పొద్దున కొట్టు తెరిచేలోపు షట్టరు మీద అక్షరాలు నిలబెట్టేవాడు. ఆయనను ఒక్కడన్నా మూడ్ వచ్చిందా అని అడిగాడా? రేటు తగ్గించమని మాత్రమే అడిగారు. తర్వాత ఫ్లెక్సీ వచ్చింది, ఆయన సున్నం పనికి పోయాడు. 2020లో నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చిందని గర్వపడ్డాం కదా, మనలో ఎంతమంది ఆ ఊరికి పోయి, బేరమాడకుండా ఒక్క తోలు లాంప్‌షేడ్ కొన్నాం? మేక తోలు గీకి, ఉలితో ఒక్కొక్క చిల్లే పొడిచే చేతులకు మూడ్ గురించి చెప్పే ధైర్యం ఆ పెద్దమనిషికి ఉందా? సిగ్గుండాలి.

కోపంలో గుర్రాలను టర్పెంటైన్ గుడ్డతో తుడుస్తుంటే అసలు తప్పు కనపడింది. ఆసామి చెప్పిన తప్పు కాదు, నాది. ఆకాశం. కరువు చేను మీద నారింజ రంగు సాయంత్రం వేసి పెట్టాను, క్యాలెండర్‌లో మాదిరి. కరువు ఏడు మా ఊరి ఆకాశం అంత ముద్దుగా ఉండదు. పదే పదే ఉతికిన పంచెలా వెలవెలబోయి ఉంటుంది. తెలుపులో కాస్త బూడిద రంగు కలిపి సాయంత్రం దాకా అదే పూశాను. మొదటి గాడిదను మాత్రం ఉంచాను, అది ఆ చేనుదే.

బొమ్మ మిద్దె మీద ఆరుతోంది, ఈసారి మొహం పైకి పెట్టి. కాయలు ఎక్కడ పోయాలో ఇంకా తేలలేదు.