అత్త సొమ్ము, అల్లుడి రైలు

మా మావయ్య ఆరు నెలలు కాలిఫోర్నియాలో కొడుకు దగ్గర ఉండి వచ్చాడు. వచ్చినప్పటి నుంచీ ఆయన కంటికి మన ఊరంతా సోమరుల సంతలా కనిపిస్తోంది. ఎవరు ఇంటికొచ్చినా ఫోన్ తీసి ఒక ఫొటో చూపిస్తాడు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ మ్యూజియంలో ఒక అద్దాల పెట్టె, అందులో బంగారు మేకు, పక్కన మా మావయ్య. ఆ పట్టాలన్నీ తనే వేసి అలిసిపోయినట్టు నిలబడ్డాడు.

"చూశావట్రా! అమెరికా ఈ కొస నుంచి ఆ కొసకి రైలు వేసి, ఆఖరున కొట్టిన మేకు. 1869. వాళ్ళేమన్నా గవర్నమెంటు ముందు చెయ్యి చాచారా? ఉచిత పథకాలు అడిగారా? స్వయంకృషి అంటే అదీ" అన్నాడు.

పెద్దవాళ్ళ మాట కాదనకూడదని నన్ను పెంచారు. అందుకని మావయ్య సిద్ధాంతాన్ని బలపరిచే ఆధారాల కోసం ఓ నాలుగు రోజులు కూర్చుని వెతికాను. ఉచితం మనిషిని పాడుచేస్తుందన్నది ముమ్మాటికీ నిజం. కాకపోతే కొంచెం ఇస్తేనే పాడుచేస్తుంది. బాగా ఎక్కువ ఇస్తే దాని పేరే స్వయంకృషి అని తేలింది.

1862లో లింకన్ సంతకం చేసిన చట్టం ప్రకారం కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నుంచి తూర్పుకి సెంట్రల్ పసిఫిక్ కంపెనీ, దేశం నడుమనున్న ఒమాహా వైపు నుంచి పడమరకి యూనియన్ పసిఫిక్ కంపెనీ పట్టాలు వేసుకుంటూ రావాలి. మైలుకింత అని గవర్నమెంటు బాండ్లు ఇస్తుంది. చదును నేల అయితే 16,000 డాలర్లు, కొండలకీ కొండలకీ మధ్య నేల అయితే 32,000, కొండల్లో అయితే 48,000. ఇది సాయం కాదు, అప్పు. గడువు ముప్ఫై ఏళ్ళు. మరి వడ్డీ ఎప్పుడు కట్టాలి? ఆ తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. గడువు తీరినప్పుడు అసలుతో కలిపి కట్టుకోవచ్చు, అంతవరకూ బాండ్ల మీద వడ్డీ గవర్నమెంటే భరిస్తుందని 1875లో తీర్పొచ్చింది. పంట రుణం తీసుకున్న మా ఊరి రైతు ఎవరైనా ఈ తీర్పు జిరాక్స్ పట్టుకుని బ్యాంకు మేనేజర్ దగ్గరికి వెళ్తే చూడాలని నాకో కోరిక.

అప్పుతో సరిపెట్టలేదు, భూమి కూడా ఇచ్చారు. పట్టాలకి అటూ ఇటూ గళ్ళ లుంగీలా కొలిచి, ఒక గడి కంపెనీకి, పక్క గడి గవర్నమెంటుకి. 1864లో దాన్ని రెట్టింపు చేస్తే మైలుకి 12,800 ఎకరాలు లెక్క తేలింది. ఆ కాలంలో రైలు కంపెనీలన్నిటికీ కలిపి అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన భూమి దాదాపు 13 కోట్ల ఎకరాలు. మన రెండు తెలుగు రాష్ట్రాలనీ అంగుళం వదలకుండా కొలిచినా ఏడు కోట్లు నిండవు. ఇంత భూమిని పట్టుకుని ఎవడి దగ్గరా చెయ్యి చాచడం ఎలాగూ కుదరదు, చేతులు ఖాళీగా ఉండవు కదా.

ఇక కొండ సంగతి. నాకు ఈ చరిత్ర మొత్తంలో కళ్ళకద్దుకోవాలనిపించిన ఘట్టం ఇదే. శాక్రమెంటో చుట్టుపక్కల నేల అరచెయ్యిలా చదునుగా ఉంటుంది. కొండకీ చదునుకీ మైలుకి 32,000 డాలర్లు తేడా. సియెర్రా నెవాడా కొండలేమో దూరంగా ఉన్నాయి. మామూలు మనిషైతే కొండ దగ్గరికి వెళ్ళేదాకా ఆగేవాడు. సెంట్రల్ పసిఫిక్ ప్రెసిడెంట్ లీలాండ్ స్టాన్‌ఫర్డ్ మామూలు మనిషి కాదు, పైగా అప్పటికి కాలిఫోర్నియా గవర్నరు కూడా ఆయనే. రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్త జోసయ్య విట్నీ అభిప్రాయం తీసుకున్నారు. కొండల మట్టి ఇక్కడ నుంచే కనిపిస్తోంది కాబట్టి, ఊరికి ఏడు మైళ్ళలో ఉన్న ఆర్కేడ్ క్రీక్ అనే వాగు దగ్గరే కొండలు మొదలవుతాయనుకోవచ్చని ఆయన తేల్చాడు. లింకన్ సరేనన్నాడు. అంతే, కొండ దాదాపు 20 మైళ్ళు నడిచొచ్చి వాగు ఒడ్డున కూర్చుంది. సంజీవి పర్వతాన్ని మోసుకురావడానికి ఆంజనేయుడంతటివాడు ఆకాశానికి ఎగరాల్సి వచ్చింది. ఇక్కడ ఒక సర్టిఫికెట్టుతో పని జరిగిపోయింది.

యూనియన్ పసిఫిక్ వైపు కొండలు దూరం కాబట్టి వాళ్ళు మరో రకం కృషి చేశారు. కంపెనీ పెద్దలే క్రెడిట్ మొబిలియర్ అని ఒక కాంట్రాక్టు కంపెనీ నడిపారు. రేటు చెప్పేదీ వీళ్ళే, ఆ రేటుకి ఒప్పుకుని బిల్లు పాస్ చేసేదీ వీళ్ళే. ఎవరైనా అడుగుతారేమోనని కాంగ్రెస్ (అంటే అమెరికా పార్లమెంటు) సభ్యుడు ఓక్స్ ఏమ్స్, వృత్తిరీత్యా పారల వ్యాపారి, తోటి సభ్యులకి ఆ షేర్లు చవగ్గా పంచిపెట్టాడు. 1872లో ఒక న్యూయార్క్ పేపరు బయటపెడితే, మరుసటి ఏడాది సభ ఆయన్ని మందలిస్తూ తీర్మానం చేసింది. మందలింపుతో ఆగకుండా వయోమింగ్‌లో ఆయనకీ, తమ్ముడు ఆలివర్‌కీ కంపెనీ 60 అడుగుల రాతి పిరమిడ్ కట్టించింది. తర్వాత పట్టాలు పక్కకి జరిగిపోయాయి, ఆ పక్కనున్న ఊరు మాయమైంది, పిరమిడ్ మాత్రం గడ్డి మైదానంలో ఒంటరిగా ఉంది.

1869కి రెండు కంపెనీలవాళ్ళూ యూటాలో ఎదురుపడ్డారు. ఎక్కడ కలవాలో చట్టంలో రాయడం మర్చిపోయారు. మైలుకింత అని డబ్బొచ్చే చోట కలవడం ఎవరికి ముద్దు? ఎదురుగా వచ్చినవాళ్ళని చూసీ చూడనట్టు దాటిపోయి, ఒకరి పక్కన ఒకరు 200 మైళ్ళకు పైగా మట్టికట్టలు వేసుకుంటూ పోయారు. చివరికి ఏప్రిల్‌లో కాంగ్రెస్ కలగజేసుకుని, ప్రొమంటరీ దగ్గర కలిసి తీరాలంది. లేకపోతే ఒకళ్ళు అట్లాంటిక్‌లో, ఇంకొకళ్ళు పసిఫిక్‌లో తేలేవారని నా నమ్మకం.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో కొందరు నిజంగానే చెయ్యి చాచారు. సియెర్రా కొండల్లో గ్రానైటుని తొలిచి, మంచులో సొరంగాలు వేసిన చైనా కూలీలు. తెల్ల కూలీలకి తిండి కంపెనీదే, వీళ్ళ తిండి వీళ్ళే కొనుక్కోవాలి. 1867 జూన్‌లో వేలమంది పనిముట్లు కింద పెట్టి, నెలకి 40 డాలర్లు ఇవ్వండి, పని గంటలు తగ్గించండి అన్నారు. ఇలాంటి అలవాట్లు మొగ్గలోనే తుంచాలి కాబట్టి పనుల పెద్ద చార్లెస్ క్రాకర్ కొండ మీదకి తిండి సరఫరా ఆపించాడు. వారం రోజుల్లో కూలీలు మళ్ళీ స్వయంకృషిలో పడ్డారు. 1882లో చైనా కూలీలు దేశంలోకే రాకూడదని చట్టం వచ్చింది. వేసిన పట్టాల్ని మాత్రం వెనక్కి పంపలేదు.

అన్నట్టు, ఆ భూమి అసలు ఎవరిది? అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటాం. ఈ కథలో అత్తగారు షయాన్, లకోటా, షొషోని, ఇంకా ఎన్నో ఆదివాసీ తెగలవాళ్ళు. వీలైనంత త్వరగా ఇండియన్ల (వాళ్ళ భాషలో ఈ తెగలే) హక్కుల్ని రద్దు చేస్తామని 1862 చట్టంలోనే రాసుకున్నారు. మొహమాటం లేని అల్లుడు. 1887లో ఇంకో చట్టం తెచ్చి, ఉమ్మడి భూమిని ముక్కలు చేసి ఒక్కొక్కరికీ ఇంతని పంచి, మిగిలింది తీసుకున్నారు. తెగలకి స్వయంకృషి నేర్పడానికే ఆ చట్టం అన్నారు. అప్పటికి దాదాపు 14 కోట్ల ఎకరాలున్న అత్తగారికి 1934కల్లా మిగిలింది ఐదు కోట్ల లోపే.

అదే 1887 నాటికి టెక్సాస్ కరువులో ఉంది. విత్తనాలకైనా ఇద్దామని కాంగ్రెస్ 10,000 డాలర్ల బిల్లు పాస్ చేసింది. చదును నేల మీద ఒక్క మైలు పట్టాలకిచ్చిన అప్పులో మూడింట రెండొంతులు కూడా కాదది. ప్రెసిడెంట్ క్లీవ్‌లాండ్ వీటో చేశాడు. ప్రజలు గవర్నమెంటుని పోషిస్తారు గానీ గవర్నమెంటు ప్రజల్ని పోషించకూడదు, అలా చేస్తే జాతి వ్యక్తిత్వం బలహీనపడుతుందని రాశాడు. చూశారా, గుప్పెడు విత్తనాలకే పోయే వ్యక్తిత్వం! 13 కోట్ల ఎకరాలకి చెక్కుచెదరనివాళ్ళు ఎంత గట్టి పిండాలై ఉండాలి?

ఇదంతా మావయ్యకి వినిపిస్తుండగా ఆయన ఫోన్ టింగుమంది. పొలం మీద వచ్చే సాయం డబ్బు ఖాతాలో పడిందట. ఆ పొలం దున్నేది కౌలుదారు. నేను మావయ్య వైపు చూశాను.

"ఇది సాయం కాదురా, పెట్టుబడి" అన్నాడు.

"అవును మావయ్యా. ఆ మేకు కూడా అంతే. ముందే తొలిచిన కన్నంలో పెట్టి, వేడుక కాగానే తీసేశారు. పట్టాల కింది దుంగలో దిగింది ఇనప మేకు. దాన్ని కొట్టబోతే స్టాన్‌ఫర్డ్ గారి దెబ్బ గురి తప్పిందంటారు. టెలిగ్రాఫ్‌లో మాత్రం పనైపోయిందని దేశమంతా చెప్పేశారు."

మావయ్య ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"ఎన్ని కాసులుంటుందంటావు?" అన్నాడు.